హాలీ సిక్కా పోయింది, యూరో వచ్చింది: కరెన్సీ కలిపే ముందు ఎవరిని ఏం అడగాలి?

(హన్మకొండలో ఒక గ్రంథాలయం హాల్లో, ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. వాక్యాలు అక్కడక్కడ సర్దాను, చెప్పిన సంగతి మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ఎండ తగ్గకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందుగా ఒక వస్తువు మీ చేతికిస్తున్నా. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా పంపించండి, చూసి మళ్లీ ఇటు పంపించండి. ఇది మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో దొరికిన వెండి రూపాయి. ఒకవైపు చార్మినార్ ఉంటుంది, మధ్య దర్వాజాలో చిన్న అక్షరం ఒకటి కనిపిస్తుంది, కళ్లద్దాలు ఉన్నవాళ్లు పెట్టుకుని చూడండి. అది ఉర్దూలో 'ఐన్' అనే అక్షరం, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరం. నాయనమ్మ దీన్ని హాలీ రూపాయి అనేది. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనేది. రెండూ వెండివే, రెండింటినీ రూపాయి అనే పిలిచేవాళ్లు, విలువ మాత్రం వేరు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు.

అప్పట్లో మధిర కూడా వరంగల్ జిల్లాలోనే ఉండేది. మా తాత మిరపకాయల బస్తాలతో మధిర దాటి బ్రిటిష్ ఇండియాలో ఉన్న బెజవాడ వైపు పోవాలంటే ముందు కరోడ్గిరి నాకా దగ్గర సుంకం కట్టాలి, తర్వాత సర్రాఫు దగ్గర డబ్బు మార్చుకోవాలి, సర్రాఫు తన వట్టం పట్టుకుని మిగతాది ఇచ్చేవాడు. భాష ఒకటే, చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు, మధ్యలో రెండు రూపాయలు. 1948లో పోలీస్ యాక్షన్ అయింది, 1950 నుంచి ఇండియా రూపాయి ఇక్కడా చెల్లుబాటు అయింది, కొన్నాళ్లు రెండూ కలిసి నడిచాయి, 1959కల్లా హాలీ పూర్తిగా రద్దయింది. అంటే ఈ ముందు వరుసలో కూర్చున్న పెద్దల్లో కొందరు తమ చిన్నతనంలోనే ఒక కరెన్సీ ఇంకో పెద్ద కరెన్సీలో కలిసిపోవడం చూశారు. పిల్లలూ, పరీక్ష కోసం మీరు యూరో గురించి చదువుతున్నారు కదా, ఇంటికెళ్లి మీ ముత్తవ్వలను అడగండి, ఆ పాఠం వాళ్లకు అనుభవంలో తెలుసు.

ఈ రోజు ప్రశ్న ఇది. ఒక దేశం తన సొంత కరెన్సీ వదిలేసి చుట్టుపక్కల దేశాలతో కలిసి ఒకే కరెన్సీ పెట్టుకోవడం మంచిదా? నా జవాబు ముందే చెప్పేస్తా, తర్వాత మీరు ఎంతైనా వాదించండి. కలిసిన దేశాల్లో ఒకదానికి కష్టం వస్తే మిగతావాళ్లు తమ పన్నుల డబ్బులోంచి దాన్ని ఆదుకుంటామని ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే కలవొచ్చు. ఆ ఒప్పందం లేకుండా కరెన్సీ మాత్రమే కలిపితే, బలహీనంగా ఉన్న దేశం మెడకు ఉరి పడుతుంది. ఎవరి మీదో కోపంతో ఈ మాట అనడం లేదు, గ్రీసులో ఏం జరిగిందో చదివి, మన ఎనుమాముల మార్కెట్లో రైతు ముఖం చూసి అంటున్నా.

లాభాలు త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే అవి అందరికీ తెలిసినవే. డబ్బు మార్చుకునే ఖర్చు పోతుంది, వ్యాపారికి రేపు రేటు ఎంతుంటుందో అనే టెన్షన్ పోతుంది, చిన్న దేశానికి తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంది. ఈ చివరిది తియ్యగా ఉంటుంది, గ్రీసును ముంచింది కూడా ఇదే.

పోగొట్టుకునేది ఏమిటో అర్థం కావాలంటే మార్కెట్ యార్డుకి పోదాం. పత్తి సీజన్, పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు రేటు తేల్చే వేలం, అవుతుంది. ఒక్క నిమిషం వరంగల్ సొంత దేశం అనుకోండి, మన కరెన్సీ పేరు వరహా అనుకోండి. ప్రపంచ మార్కెట్లో పత్తి ధర పడిపోయింది. మన పత్తి అమ్మితే వచ్చే డాలర్లు తగ్గాయి, డాలర్ ప్రియమైంది, వరహా విలువ జారింది. అప్పుడు బయటి వ్యాపారి తక్కువ డాలర్లే ఇచ్చినా వాటిని వరహాల్లోకి మారిస్తే రైతు చేతికి వచ్చే మొత్తం మరీ అంతగా పడిపోదు. డీజిల్ ధర పెరుగుతుంది, సెల్‌ఫోన్ ధర పెరుగుతుంది, అంటే డాక్టరు, లెక్చరరు, షాపు యజమాని అందరూ తలా కొంచెం భరిస్తారు. నష్టం ఊరంతా పంచుకున్నట్టు అవుతుంది. ఎవరి జీతమూ పేరు పెట్టి కోసే పని ఉండదు.

ఇప్పుడు వరహా లేదు, పక్క దేశాలతో కలిపిన కరెన్సీ ఉంది, ఆ దేశాల్లో అంతా బాగుంది, అక్కడ పత్తి పండదు. మన పత్తి పడిపోయిందని ఆ కరెన్సీ జారదు. అప్పుడు రైతు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, మీద రాసే రేటే నేరుగా పడిపోవాలి. అడ్తిదారు కమీషన్ తగ్గాలి, హమాలీ కూలీ తగ్గాలి, తూకం వేసే దడువాయికి పని తగ్గాలి. ఇన్ని తగ్గుతాయి కానీ బ్యాంకులో రైతు అప్పు మాత్రం ఒక్క పైసా తగ్గదు, అది పాత సంఖ్యలోనే ఉంటుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆదాయం కుంగి అప్పు అలాగే నిలబడితే ఇంట్లో ఏమవుతుందో ఈ జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్రీసుకు అయింది ఇదే. 2001లో వాళ్లు తమ డ్రాక్మా వదిలి యూరోలో చేరారు, నోట్లు, నాణేలు 2002 జనవరి 1 నుంచి చేతికొచ్చాయి. చేరగానే గ్రీసుకు దాదాపు జర్మనీకి దొరికే వడ్డీకే అప్పు దొరకడం మొదలైంది. ఇచ్చేవాళ్లు ఎందుకిచ్చారు? కరెన్సీ ఒకటే కదా, ఏమైనా అయితే మిగతావాళ్లు చూసుకుంటారులే అనుకున్నారు. ఒప్పందంలో మాత్రం ఒకరి అప్పు ఇంకొకరు కట్టరు అనే రాసుంది. 2009 చివర్లో కొత్త ప్రభుత్వం వచ్చి లెక్కలు తెరిచి చూస్తే లోటు ముందు చెప్పినదానికి రెట్టింపు తేలింది. గ్రీసు ప్రభుత్వం లెక్కలు దాచింది, అది తప్పే, నేను వెనకేసుకురాను. కానీ శిక్ష ఎవరికి పడిందో చూడండి. 2010 మేలో 110 బిలియన్ యూరోల సాయం ప్రకటించారు, దానితో పాటు షరతులూ వచ్చాయి. పింఛన్లు కోశారు. 2012లో కనీస వేతనాన్ని నెలకు 751 యూరోల నుంచి 586కి దించారు. 2013 నాటికి పని దొరకనివాళ్లు నూటికి 27 మంది, యువతలో అయితే సగం మందికి పైనే. 2015 వేసవిలో మూడు వారాలు బ్యాంకులు మూసేశారు, ఏటీఎం దగ్గర మనిషికి రోజుకు 60 యూరోలు. ఆ క్యూలో నిలబడ్డ ముసలివాళ్ల ఫోటోలు చూసి నాకు మన 2016 నవంబర్ నోట్ల రద్దు గుర్తొచ్చింది, ఆ వరుసల్లో నేనూ నిలబడ్డాను.

డ్రాక్మా ఉండుంటే ఏమయ్యేది? అదీ జారిపోయేది, ధరలు పెరిగేవి, జనం తిట్టుకునేవాళ్లు, కష్టం రాకుండా పోయేది కాదు. పోలండ్ సంగతి చూడండి. యూరోపియన్ యూనియన్లో ఉంది కానీ తన జ్లోటీ వదల్లేదు. 2008లో సంక్షోభం వచ్చినప్పుడు జ్లోటీ బాగా పడిపోయింది, దాంతో వాళ్ల సరుకు బయట చవకైంది, 2009లో యూనియన్ మొత్తంలో మాంద్యంలోకి జారకుండా నిలబడింది ఆ ఒక్క దేశమే. కరెన్సీ ఒక్కటే కారణం అనను, కానీ అది ఊపిరి పీల్చుకునే సందు ఇచ్చింది. గ్రీసుకు ఆ సందు మూసుకుపోయింది. మరి బయటికి ఎందుకు రాలేదని అడుగుతారు. అప్పులన్నీ యూరోల్లో ఉన్నాయి, డ్రాక్మాకు తిరిగి మారితే ఆ అప్పు ఇంకా కొండంత అవుతుంది. పైగా మారబోతున్నారని వాసన తగిలిన రోజే జనం బ్యాంకు ఖాళీ చేస్తారు. చేరేటప్పుడు సంతకం చాలు, బయటికి రావాలంటే ఇల్లు తగలబెట్టుకోవాలి.

ఇక్కడే వరంగల్ పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఉంది. తెలంగాణకు కూడా సొంత కరెన్సీ లేదు కదా, బిహార్‌కు లేదు, నాగాలాండ్‌కు లేదు, మరి పత్తి ధర పడ్డప్పుడల్లా మనం గ్రీసు ఎందుకు కావడం లేదు? 1961లో రాబర్ట్ ముండెల్ అనే కెనడా ఆర్థికవేత్త ఇదే విషయం మీద ఒక వ్యాసం రాశారు, ఎంత ప్రాంతానికి ఒకే కరెన్సీ సరిపోతుందని. 1999లో ఆయనకు నోబెల్ వచ్చింది, యూరో పుట్టిందీ అదే ఏడు. ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి, పని పోయినచోటి నుంచి పని ఉన్నచోటికి మనుషులు తేలిగ్గా కదలగలగాలి. మన దగ్గర కదులుతారు. పొద్దున హన్మకొండ బస్టాండుకి పోయి ఉప్పల్ బస్సు ఎక్కేవాళ్లను చూడండి, బిల్డింగ్ పనికి పోయే తాపీమేస్త్రీ దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లల దాకా అందులోనే ఉంటారు. వీసా లేదు, భాష మారదు, రేషన్ కార్డు కూడా పనికొస్తుంది. ఏథెన్స్‌లో పని పోయినవాడు మ్యూనిక్ పోవాలంటే ముందు జర్మన్ నేర్చుకోవాలి.

రెండోది ఇంకా పెద్దది, ఖజానా. పత్తి రేటు మద్దతు ధర కంటే దిగితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వచ్చి కొంటుంది, 2025-26కి పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు పెట్టారు. తేమ ఎక్కువుందని తిప్పి పంపుతారు, రోజులు రోజులు ఆగాలి, ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? పత్తి పండని రాష్ట్రాల పన్నుల నుంచి కూడా వస్తోంది. వడ్లు కేంద్ర ఆహార సంస్థ ఎఫ్‌సీఐ తీసుకుంటోంది. వీటన్నిటి పైన ఆర్థిక సంఘం ఉంది, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు పంచే 41 శాతం లోంచి ఎవరికెంత అని అదే నిర్ణయిస్తుంది. 15వ ఆర్థిక సంఘం తెలంగాణకు 2.102 శాతం ఇచ్చింది, బిహార్‌కు 10.058 శాతం. ఈ అంకెలు వినగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి, నాకు వినిపిస్తున్నాయి. మనం ఇచ్చేది ఎక్కువ, మనకొచ్చేది తక్కువ అని మనమందరం అంటాం, నేనూ అంటాను, ఆ వాటా గురించి కొట్లాడాలి కూడా. కానీ దయచేసి ఒక్కటి గమనించండి. బిహార్ వాళ్లూ మనమూ ఒకే రూపాయి వాడుకుంటున్నందుకు కట్టే ఖరీదు అది. జర్మనీ ప్రజలు గ్రీసుకు కట్టడానికి ఒప్పుకోనిది సరిగ్గా అదే.

ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను సగం చెప్పినట్టు అవుతుంది. ఖజానాలు కలపడం అంటే ఎంత నొప్పో తెలంగాణ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1956లో రెండు ప్రాంతాలు కలిసినప్పుడు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెట్టాలని. పెట్టలేదు. 1969లో కుర్రాళ్లు రోడ్ల మీదికి వచ్చారు, మిగులు ఎంతో లెక్క తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ వేశారు, తర్వాత భార్గవ కమిటీ వేశారు, లెక్కలు తేలాయేమో కానీ మనుషుల మధ్య నమ్మకం తేలలేదు. అక్కడ భాష ఒకటి, రూపాయి ఒకటి, అసెంబ్లీ కూడా ఒకటే. అన్నీ ఉండి కూడా ఖజానా దగ్గర తేడా వచ్చింది. మరి పది భాషలు, పది పార్లమెంట్లు ఉన్న దేశాలు కేవలం నోటు మీద బొమ్మ కలిపి సరిపెట్టుకుంటామంటే ఎలా నమ్మాలి?

ఈ సంగతి మా వాడకట్టు మహిళా సంఘం అక్కలకు చాలా బాగా తెలుసు. పది పన్నెండు మంది కలిసి పొదుపు చేస్తారు, బ్యాంకు లోను సంఘం పేరు మీద వస్తుంది, ఒకామె కిస్తీ కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలి. అందుకే ఇచ్చే ముందే అడుగుతారు, 'వదినా, బర్రె కొంటానన్నావు, బర్రె ఏది, చూపించు' అని. మీటింగులో పుస్తకం అందరి ముందు తెరుస్తారు. యూరో వాళ్లు కూడా నియమాలు పెట్టుకున్నారు, లోటు జీడీపీలో 3 శాతం దాటొద్దు, అప్పు 60 శాతం దాటొద్దు అని. 2003లో జర్మనీ, ఫ్రాన్స్ తామే ఆ గీత దాటాయి, వాళ్ల మీద చర్య ఆపేశారు. సంఘం లీడరే కిస్తీ ఎగ్గొట్టి పుస్తకం మూసేస్తే ఇక ఆ సంఘంలో ఎవరు ఎవరి మాట వింటారు?

మన ఉత్తర తెలంగాణకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది. జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. మన పిల్లలు అక్కడి దిర్హాలు తెస్తున్నారు కదా, ఒకప్పుడు దుబాయ్‌లో నడిచిందే మన రూపాయి. బంగారం దొంగరవాణా ఎక్కువై డాలర్లు పోతున్నాయని 1959లో ఆర్‌బీఐ గల్ఫ్ కోసం వేరే రంగులో ప్రత్యేకంగా నోట్లు వేసింది, వాటిని గల్ఫ్ రూపాయి అనేవాళ్లు. కువైట్ 1961లో తన దినార్ తెచ్చుకుని బయటపడింది. 1965లో బహ్రెయిన్ కూడా తన దినార్ తెచ్చుకుంది. దుబాయ్ లాంటివి ఇంకా రూపాయితోనే ఉన్నాయి. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది, డాలర్‌కు 4.76 ఉన్నది 7.50 అయింది. మన దేశానికి అప్పుడు వరుసగా కరువు, యుద్ధం, విదేశీ మారకం కొరత, మన అవసరం మనకు ఉంది. కానీ ఏ కరువూ లేని దుబాయ్ వర్తకుడి పెట్టెలో ఉన్న సొమ్ము ఒక్కరోజులో మూడో వంతుకు పైగా కరిగింది. అతన్ని ఢిల్లీలో ఎవరైనా అడిగారా? అడగాల్సిన పని లేదు, అతనికి ఇక్కడ ఓటు లేదు. వాళ్లు వెంటనే రూపాయి వదిలేశారు, కొన్నేళ్లు వేరేవి వాడి 1973లో దిర్హం పెట్టుకున్నారు.

ఆ గుణపాఠం వాళ్లకు బాగా గుర్తున్నట్టుంది. ఆరు గల్ఫ్ దేశాలు కలిసి 2010 నాటికి ఒకే కరెన్సీ తేవాలనుకున్నాయి. మతం, భాష, చమురు, అన్నీ ఒకటే, డాలర్‌తో ముడి కూడా దాదాపు అందరికీ ఉంది, ఇంతకంటే అనువైన చోటు ప్రపంచంలో దొరకదు. అయినా ముందు ఒమన్ తప్పుకుంది. 2009లో ఉమ్మడి ద్రవ్య సంస్థ ఆఫీసు రియాద్‌లో పెడతామనేసరికి యూఏఈ తప్పుకుంది. ఆఫీసు ఎక్కడ అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వడ్డీ రేటు నిర్ణయించే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు అనేదే అసలు విషయం. ఈ రోజు దాకా ఆ కరెన్సీ రాలేదు.

పశ్చిమ ఆఫ్రికా గురించి ఒక్క మాట. అక్కడ చాలా దేశాలు సీఎఫ్ఏ ఫ్రాంక్ వాడతాయి, 1945లో ఫ్రాన్స్ పెట్టింది, ఇప్పుడు యూరోకు కట్టేసి ఉంది. 1994 జనవరిలో దాని విలువను ఒక్కసారిగా సగం చేశారు. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ 'ఎకో' అనే కొత్త ఉమ్మడి కరెన్సీ 2020లో తెస్తామంది, తర్వాత 2027 అంది. ఈలోపు 2025 జనవరిలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ ఆ కూటమి నుంచే బయటికి వచ్చాయి. ఇప్పటికీ వాటి జేబులో ఉన్నది సీఎఫ్ఏనే.

మన పక్కకి వద్దాం. 2003 చివర్లో వాజ్‌పేయి గారు దక్షిణాసియాకు ఒకే కరెన్సీ వచ్చే రోజు గురించి మాట్లాడారు. ఆ మాట వెనక ఉన్న మనసు మంచిది, నేను గౌరవిస్తాను. కానీ 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది, డాలర్‌కు 200 దగ్గరున్న వాళ్ల రూపాయి 350 దాటింది. పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు. మనం పొరుగువాళ్లుగా దాదాపు 4 బిలియన్ డాలర్ల సాయం చేశాం, మంచి పని చేశాం. అదే ఉమ్మడి కరెన్సీ ఉండుంటే అది సాయం కింద లెక్క కాదు, ప్రతి ఏడూ మన బడ్జెట్లో ఉండే బాధ్యత అవుతుంది. మనమే బిహార్ వాటా చూసి గుసగుసలాడాం ఇప్పుడే, కొలంబోకు కట్టడానికి ఈ హాల్లో ఎంతమంది చెయ్యెత్తుతారు? ఎత్తకపోతే కలవొద్దు. ఎత్తనివాళ్లు చెడ్డవాళ్లని నేను అనను, కానీ ఎత్తకుండా కలవడం మాత్రం వాళ్లకు చేసే ద్రోహం.

నేపాల్ పద్ధతి నాకు నచ్చుతుంది. 1993 నుంచి మన రూపాయికి వాళ్లది 1.60, కదలకుండా ఉంది. భూటాన్ ఎన్‌గుల్‌ట్రం మన రూపాయితో సమానం. ముడి వేసుకున్నారు కానీ తాడు కొస వాళ్ల చేతిలోనే ఉంది, అవసరమైతే విప్పుకోవచ్చు. ఇక డబ్బు మార్చుకునే బాధ సంగతి, దానికి కరెన్సీ కలపాల్సిన అవసరం రోజురోజుకూ తగ్గుతోంది. భూటాన్‌లో 2021 నుంచి, శ్రీలంకలో, నేపాల్‌లో 2024 నుంచి మన యూపీఐతో స్కాన్ చేసి కట్టొచ్చు. మా తాతకు మధిరలో సర్రాఫు చేసిన పని ఫోను చేస్తోంది, ఎవరి రూపాయి వాళ్ల దగ్గరే ఉంది.

సరే, ప్రశ్నలు అడగండి.

(వెనక వరుస నుంచి ఒక విద్యార్థిని: 'సార్, యూరో వల్ల జర్మనీకి లాభం జరిగింది కదా, మరి వాళ్లు ఎందుకు కట్టరు?')

మంచి ప్రశ్నమ్మా. లాభం జరిగింది. వాళ్ల పాత కరెన్సీ మార్క్ ఉండుంటే అది బాగా పెరిగి వాళ్ల కార్లు, యంత్రాలు బయట ప్రియమయ్యేవి, యూరో వల్ల చవకగా ఉన్నాయి. కానీ లాభం వచ్చింది తమ కష్టం వల్ల అనుకున్నారు, నష్టం వచ్చింది గ్రీసు బద్ధకం వల్ల అనుకున్నారు. అది మారడానికి కరోనా రావాల్సి వచ్చింది. 2020లో మొదటిసారి అంత పెద్ద ఎత్తున, 750 బిలియన్ యూరోల నిధికి అందరూ కలిసి అప్పు చేశారు, అందులో సగానికి పైగా తిరిగి కట్టక్కర్లేని సాయం. ఈ పని 2010లో చేసుంటే గ్రీసులో ఒక తరం పిల్లలు బతికి బట్టకట్టేవాళ్లు. ఆలస్యంగానైనా దారిలోకి వచ్చారు కాబట్టే 2023లో క్రొయేషియా, 2026లో బల్గేరియా చేరితే నాకు మునుపటంత భయం వేయలేదు.

(ముందు వరుసలో ఒక పెద్దాయన: 'మా పెద్దోడు షార్జాలో ఉన్నడు. గల్ఫ్ అంతా ఒక్కటే పైస అయితే మనోళ్లకేమన్న లాభమా?')

పెద్దనాయనా, మనవాళ్లకు పెద్ద తేడా ఉండదు. డాలర్‌కు దిర్హం 3.6725, సౌదీ రియాల్ 3.75, ఏళ్ల తరబడి కదల్లేదు, కాబట్టి ఆ రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టే ఉన్నాయి. మీ వాడి కష్టార్జితం పెరిగేదీ తగ్గేదీ ఇటువైపు, మన రూపాయి దగ్గర. ఇంకొంత మధ్యలో పంపించేవాళ్ల దగ్గర పోతుంది. ఫీజు లేదని బోర్డు పెడతారు, రేటులో పట్టుకుంటారు. అందుకని మీ వాడిని ఫీజు ఎంత అని అడగొద్దనండి. 'వెయ్యి దిర్హాలు నీ చేతిలో పెడితే, మా ఊరి బ్యాంకులో ఎన్ని రూపాయలు పడతాయి?' అని రెండు మూడు చోట్ల అడిగి అప్పుడు పంపమనండి. మిరప బస్తాలు దించి మధిరలో మా తాత అడిగింది కూడా అదే, ఏడు హాలీలు ఇస్తున్నా, ఎన్ని కల్దార్లు నా చేతిలో పెడతావు అని.